వేగస్‌లో 1-3 పోకర్ టేబుల్: హైదరాబాదు నుంచి సెలవులకు వెళ్లేవాళ్లకు గిట్టుబాటేనా?

లాస్ వేగస్ చూడబోయిన మనవాళ్లలో చాలామంది స్లాట్ మెషీన్‌కు వంద డాలర్లు సమర్పించుకుని, బెలాజియో ఫౌంటెన్ల ముందు ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. ఆ వంద కరగడానికి అరగంట చాలు. పేకాట మీద ఏ మాత్రం ఇష్టమున్నా, కేసినోలో కాస్త న్యాయంగా ఖర్చయ్యే చోటు పోకర్ గది. అక్కడ మీరు ఆడేది కేసినోతో కాదు, చుట్టూ కూర్చున్న మనుషులతో. టేబుల్ నడిపినందుకు కేసినో ప్రతి ఆట నుంచీ తన కూలి తీసుకుంటుంది, అంతే. ఆ కూలి ఎంతో చూసుకుని గదిని ఎంచుకోవాలి. చాలామంది తివాచీలూ దీపాలూ చూసి ఎంచుకుంటారు.

హైదరాబాదులో ఉండి డబ్బు పెట్టి ఆడుతూ దీన్ని నేర్చుకునే దారి లేదు. 2017 సవరణ తర్వాత తెలంగాణ గేమింగ్ చట్టంలో, నైపుణ్యం ఉన్న ఆట అన్నా సరే, డబ్బు పెట్టి ఆడితే మినహాయింపు లేదు. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బుల యాప్‌లూ మూతపడ్డాయి. గోవా పక్కనే ఉంది కదా అనొచ్చు. కానీ అక్కడ కొనే చిప్స్ విలువ మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. చిన్న ఆటలో అంత బరువు ఎత్తుకుని కూర్చుంటే ఎంత బాగా ఆడినా మిగిలేది తక్కువ. వేగస్‌లో చిప్స్ కొనుగోలు మీద అలాంటి పన్ను లేదు. పిల్లల్ని చూడటానికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లినవాళ్లు మధ్యలో నాలుగు రోజులు వేగస్ పెట్టుకోవడం మామూలే కాబట్టి ఈ సమీక్ష దాని గురించే.

ఇక్కడ ఆడేది నో లిమిట్ టెక్సాస్ హోల్డెమ్: ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు టేబుల్ మీద తెరుస్తారు, ముందున్నదంతా ఒకేసారి కాయొచ్చు. 1-3 అంటే అందులో చిన్న బ్లైండు 1 డాలరు, పెద్ద బ్లైండు 3 డాలర్లు; ముక్కలు పంచకముందే ఇద్దరు వంతుల వారీగా కట్టే పందేలు ఇవి. కొన్ని గదుల్లో 1-2 కూడా ఉంటుంది. కూర్చోవడానికి కనీసం 100 డాలర్లు అడగడం మామూలు. పై హద్దు గదిని బట్టి 300, 500 ఇలా ఉంటుంది. కనీస మొత్తంతో కూర్చుంటే 33 పెద్ద బ్లైండ్లే చేతిలో ఉన్నట్టు. రెండు పందేలు కాయగానే అంతా పెట్టేయాల్సిన పరిస్థితి వస్తుంది. 300తో కూర్చోవడం సరైన లెక్క. అది పోతే మరోసారి కూర్చోవడానికి ఇంకో 300 విడిగా ఉండాలి. మొత్తం 600 పోయినా సెలవులు పాడవవు అనుకుంటేనే ఈ ఆట. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం విమానం ఎక్కకముందే అయిపోవాలి. టేబుల్ మీద ప్రతి కాల్‌నూ (ఎదుటివాడి పందేనికి సమానంగా కట్టడాన్ని) వేలల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే నిలబడాల్సిన చోట కూడా ముక్కలు పడేస్తారు.

ఇక కేసినో కూలి. దీన్ని రేక్ అంటారు. నెవాడా నిబంధనల ప్రకారం ఇది పాట్‌లో, అంటే ఆ ఆటలో పోగైన పందేల మొత్తంలో, 10 శాతం దాటకూడదు, ఎంత తీసుకుంటారో కనబడేలా రాసి పెట్టాలి. స్ట్రిప్, అంటే పెద్ద కేసినోలు వరసగా ఉన్న రోడ్డు, మీది గదుల్లో 10 శాతం, గరిష్ఠంగా 5 డాలర్ల చుట్టుపక్కల తీయడం సాధారణం. దానికి తోడు జాక్‌పాట్‌లూ బహుమతుల కోసమని మరో డాలరో రెండో. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) పడకుండా ఆట ముగిస్తే ఏమీ తీయరు. గంటకు 30 చేతులు (పంచిన ఒక్కో ఆట ఒక చేయి) పంచితే, వాటిలో 25 ఫ్లాప్ చూస్తే, ఒక్కోదాంట్లో సగటున 5 డాలర్లు పోతే, అది 125. గెలిచినవాళ్లు డీలరుకు ఇచ్చే డాలరు చొప్పున ఇంకో 25. అంటే గంటకు 150 డాలర్లు టేబుల్ మీద నుంచి మాయం. తొమ్మిది మందికి పంచితే తలకు దాదాపు 17. ఇది కాక ఒక్క ఆటా ఆడకుండా కూర్చున్నా బ్లైండ్ల కిందే గంటకు 13 దాకా పోతాయి. అది మాత్రం తోటి ఆటగాళ్లకే చేరుతుంది కాబట్టి తిరిగి గెలుచుకోవచ్చు. రేక్ తిరిగి రాదు. చిన్న టేబుల్ చవక అనిపించేది పందేలు చూసినప్పుడే. పందెం పరిమాణంతో పోలిస్తే రేక్ బాగా కుట్టేది ఇక్కడే.

గదుల విషయానికొస్తే, బెలాజియో, ఆరియా, విన్ సంస్థ ఎన్‌కోర్‌లో నడిపే గది, వెనీషియన్: ఈ నాలుగింటిలో ఏ వేళప్పుడు వెళ్లినా ఆట దొరుకుతుందన్న భరోసా ఎక్కువ. డీలర్లు చురుగ్గా ఉంటారు, గొడవ వస్తే తీర్పు చెప్పే ఫ్లోర్ మనిషి వెంటనే వస్తాడు. కొత్తవాళ్లకు వెనీషియన్ విశాలంగా ఉండి బెరుకు తగ్గిస్తుంది. టోర్నమెంట్లు ఆడాలనుకుంటే విన్, వెనీషియన్. స్ట్రిప్‌కు దూరంగా ఉన్న సౌత్ పాయింట్, ఆర్లీన్స్ లాంటి చోట్ల స్థానికులు ఎక్కువ. పందేలు చిన్నవి, కబుర్లు ఎక్కువ, కానీ రోజూ అదే కుర్చీలో కూర్చునే పెద్దాయన మిమ్మల్ని బాగానే చదివేస్తాడు. సెలవుల డబ్బుతో వచ్చిన పర్యాటకులు కావాలంటే శుక్ర, శనివారాల రాత్రి స్ట్రిప్ మీదే ఉండాలి. మే చివరి నుంచి జూలై మధ్య దాకా వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద టోర్నమెంట్ల వరస జరుగుతుంది. 2022 నుంచి హార్స్‌షూ, ప్యారిస్ హోటళ్లే దాని వేదిక. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా క్యూలే, టేబుళ్ల మీద చేయి తిరిగినవాళ్లు కూడా ఎక్కువే. ఎండ సంగతి సరేసరి.

వెళ్లగానే ముందు గది గుమ్మంలోని కౌంటరు దగ్గర పేరు రాయించాలి. బ్రావో పోకర్ లైవ్ లాంటి యాప్‌లలో చాలా గదుల్లో ఏ ఆట నడుస్తోందో, ఎంతమంది ఎదురుచూస్తున్నారో కనిపిస్తుంది. హోటలు నుంచి బయల్దేరే ముందే చూసుకుంటే నడక తప్పుతుంది. పాస్‌పోర్టు అసలుది దగ్గర ఉంచుకోండి. 21 నిండాలి, జుట్టు నెరిసినా అడగవచ్చు. ఆ పాస్‌పోర్టుతోనే ఉచితంగా ప్లేయర్స్ కార్డు తీసుకుని టేబుల్ దగ్గర గీయించుకుంటే, గంటకు ఇంత అని భోజనానికి వాడుకునే జమ పడుతుంది. ఎక్కువేం రాదు, అయినా వదులుకోవడం దేనికి? చిప్స్ నగదుతో కొనండి. కేసినోలో క్రెడిట్ కార్డు మీద డబ్బు తీస్తే రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఎర్ర చిప్ 5, ఆకుపచ్చ 25, నల్లది 100 డాలర్లు. 1 డాలరు చిప్ రంగు గదిని బట్టి మారుతుంది. కూర్చోగానే ఆటలోకి దూకకుండా పెద్ద బ్లైండు మీ దగ్గరికి వచ్చేదాకా ఆగండి. ఆ రెండు మూడు చేతుల్లో ఎవరు ఎలా ఆడుతున్నారో కొంత తెలుస్తుంది.

మనవాళ్లకు అసలు దెబ్బ తీన్ పత్తీ అలవాటు వల్ల తగులుతుంది. అక్కడ సీక్వెన్సు కలర్‌ను కొడుతుంది. పోకర్‌లో తిరగబడుతుంది: కలర్, అంటే ఫ్లష్, వరసను కొడుతుంది. అర్ధరాత్రి దాటాక, చేతిలో వరస పడ్డ సంతోషంలో, బోర్డు మీద, అంటే తెరిచిన ఉమ్మడి ముక్కల్లో, మూడు ఇస్పేట్లు ఉన్న సంగతి మర్చిపోయి మొత్తం పెట్టేయడం ఇలాగే జరుగుతుంది. ఆసు, రెండు, మూడు మన ఆటలో గొప్ప వరస. పోకర్‌లో ఆసు నుంచి అయిదు దాకా వచ్చేది అన్నిటికన్నా చిన్న వరస. సైడ్ షో లేదు. ముక్కలు చూడకుండా బ్లైండులో సగం పందెం కట్టే సౌకర్యమూ లేదు. ఇక్కడ బ్లైండు అంటే వంతు వచ్చినప్పుడు తప్పనిసరిగా కట్టే డబ్బు.

ఇంకో తేడా మీకు మేలు చేసేది. ఆట మధ్యలో జేబులోంచి డబ్బు తీయకూడదు, ఎదుటివాడూ తీయకూడదు. చేయి మొదలైనప్పుడు టేబుల్ మీద ఎంత ఉందో అంతే లెక్క. కాబట్టి డబ్బున్నవాడు పందెం పెంచుకుంటూ పోయి మిమ్మల్ని లేపేయలేడు. మీ దగ్గర 80 ఉంటే 80తోనే చివరి దాకా నిలబడొచ్చు, మిగతాది వాళ్ల మధ్య సైడ్ పాట్‌లోకి వెళ్తుంది. "ఫోన్‌పే కొడతాలే" అనే మాట ఇక్కడ చెల్లదన్నమాట. గెలిచిన చిప్స్‌లో కొన్ని మధ్యలో జేబులో వేసుకోవడం కూడా నిషిద్ధం. లేచి వెళ్లేటప్పుడే అన్నీ తీసుకోవాలి.

పందెం వేసే తీరు మీద పట్టింపు ఎక్కువ. ముందు కాల్‌కు సరిపడా చిప్స్ పెట్టి, మళ్లీ చేయి వెనక్కి తీసుకెళ్లి ఇంకొన్ని తెస్తే అది స్ట్రింగ్ బెట్, పెంపు చెల్లదు. ఎదుటివాడు 10 కాసినప్పుడు మీరు మాట్లాడకుండా ఒక్క 25 చిప్ విసిరితే అది కాల్ మాత్రమే. పెంచాలంటే ముందు నోటితో "రెయిజ్" అనాలి. నోటి మాటకు కట్టుబడాలి, వంతు కాకముందు అన్నా సరే చిక్కే. ముక్కల మీద ఒక చిప్ పెట్టుకోండి. డీలరుకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న కుర్చీల్లో కాపాడని ముక్కలు పడేసిన ముక్కల కుప్పలో కలిసిపోతుంటాయి, కలిశాక ఆసుల జత అయినా చేసేదేమీ లేదు. చివర్లో రెండు ముక్కలూ తెరిచి టేబుల్ మీద పరచండి, పాట్ మీ వైపు తోసేదాకా వదలొద్దు.

ఇద్దరు స్నేహితులు ఒకే టేబుల్‌కు కూర్చుంటే తెలుగు కట్టిపెట్టాలి. ఆట నడుస్తుండగా ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడాలన్నది మామూలు నియమం. ముక్కలు పడేశాక "అబ్బా, రాణి పోయిందిరా" అన్నా డీలరు హెచ్చరిస్తాడు, అనుమానించేవాళ్లూ ఉంటారు. వెనక నిలబడ్డ భార్యకో బావమరిదికో ముక్కలు చూపించి సలహా అడగడం కూడా కుదరదు. వీలైతే వేరే టేబుళ్లు అడిగేయండి, ఒకరి డబ్బు ఒకరు గెలుచుకోవడానికి అంత దూరం వెళ్లడం దేనికి.

ఆట పద్ధతి గురించి కొంచెం. ఈ స్థాయిలో జనం పందెం కట్టి ముక్కలు చూడటానికి వచ్చారు, పడేయడానికి రాలేదు. అందుకని బ్లఫ్‌లు తగ్గించి, మంచి చేయి ఉన్నప్పుడు గట్టిగా కాయడమే లాభం. మొదటి పెంపు 10 నుంచి 15 డాలర్లు, ముందే ఊరికే కాల్ చేసినవాళ్లు ఉంటే తలకు మరో 3, 4 కలపాలి. చిన్న జతకు ఫ్లాప్‌లో మూడోది పడే అవకాశం సుమారు ఎనిమిదిన్నరలో ఒకటి. కట్టే మొత్తానికి కనీసం పదిహేను రెట్లు ఎదుటివాడి దగ్గర లేకపోతే ఆ జత వదిలేయొచ్చు. ఫ్లాప్ తర్వాత ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువైతే, మిగిలిన రెండూ చూసినా 35 శాతమే. గంట నుంచి కదలని పెద్దాయన రివర్ (చివరి ఉమ్మడి ముక్క) మీద పెంచితే, జత రాజులతో ఆయన్ను పరీక్షించకండి.

డీలరుకు గెలిచిన పాట్‌కు ఒక డాలరు, పానీయం తెచ్చినవాళ్లకు ఒకటో రెండో. ఇది మొహమాటం కాదు, వాళ్ల సంపాదనలో పెద్ద భాగం అదే. మద్యం ఉచితమే కానీ దాని ధర మీ చిప్స్‌లో కనబడుతుంది. కాఫీ, నీళ్లు కూడా ఉచితమే. హైదరాబాదు నుంచి నేరుగా దిగితే వేళలు చూసుకోండి: వేసవిలో తేడా పన్నెండున్నర గంటలు. అక్కడ మధ్యాహ్నం 3 అంటే మన ఒంటికి తెల్లవారుజామున మూడున్నర, కునుకు తీయాల్సిన వేళ. రాత్రి 9కి మాత్రం ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర, తల బాగానే పనిచేస్తుంది. మొదటి రెండు రోజులు రాత్రి ఆటకే కేటాయించండి.

కొత్తవాళ్లకు టోర్నమెంటు మరో దారి, ఎందుకంటే పోయేది ప్రవేశ రుసుమే. కానీ అందులో బహుమతులకు ఎంత, కేసినోకు ఎంత అన్నది కాగితం మీద ఉంటుంది. నాలుగో వంతు కన్నా ఎక్కువ రుసుముకే పోతుంటే దాన్ని వదిలేయండి. ఒక హద్దు దాటి గెలిస్తే పన్ను ఫారం నింపుతారు. భారత నివాసులకు అమెరికా పన్ను కింద 30 శాతం అక్కడే పట్టుకుంటారు. క్యాష్ టేబుల్ మీద గెలుపుకు అలా పట్టుకోరు, అయితే ఇక్కడ రిటర్నులో చూపాల్సిందే. పేకాట గెలుపు మీద మన పన్ను కూడా 30 శాతమే, సెస్సు అదనం.

మొత్తమ్మీద అయిదుకు మూడున్నర. అర మార్కు జాక్‌పాట్ కోత వల్ల పోయింది. నాలుగు రోజులు ఉండేవాడి దగ్గర తీసుకుని, నెలంతా ఆడేవాడికి పంచే డబ్బు అది. మిగతా ఒక్కటీ రేక్‌ది. లేచేటప్పుడు చిప్స్‌ను ట్రేలో సర్దుకుని ఆ కేసినో క్యాష్ కౌంటరులోనే మార్చేసుకోండి. పక్క కేసినోలో అవి చెల్లకపోవచ్చు, శంషాబాద్‌లో అసలే చెల్లవు.