తెలుగు చందమామ పక్కన ఒడియా జహ్నమాము: మా బరంపురం లైబ్రరీలో ఒక బీరువా గురించి

బరంపురంలో ఉంటూ పిల్లలకి తెలుగు చదవడం నేర్పాలనుకునే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. పాతబస్తీలో ఒక తెలుగు సంఘం నడిపే చిన్న లైబ్రరీకి మా అమ్మాయిని వెంటబెట్టుకుని కొన్నేళ్ళుగా వెళ్తున్నాను. సంఘం పేరు రాయడం లేదు. కింద ఒక ఫిర్యాదు కూడా ఉంది, అక్కడున్నవాళ్ళంతా రూపాయి జీతం లేకుండా పనిచేస్తున్న మన వీధులవాళ్ళే. పేపర్లు ఏవేవి వస్తాయి, సభ్యత్వం ఎంత, ఎన్ని గంటలకి తెరుస్తారు అన్నవి గుమ్మంలో అడిగినా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క బీరువా గురించే.

అందులో పాత చందమామలున్నాయి. పాత తెలుగు లైబ్రరీలో చందమామలు ఉండటం విశేషం కాదు. కానీ ఇక్కడ కింది అరలో అదే పత్రిక ఒడియా సంచికలు, అంటే జహ్నమాములు ఉన్నాయి. రైల్వేలో పనిచేసిన ఒక కుటుంబం బరంపురం వదిలి వెళ్తూ ఇంట్లో పోగుపడ్డ రెండు భాషల పత్రికలూ కలిపి ఇచ్చేసిందట. చందమామ 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళాల్లో మొదలై తర్వాత ఒక్కో భాషలోకీ వెళ్ళింది. కథలవే, బొమ్మలవే. విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని కత్తి పట్టుకుని నడిచే ఆ శంకర్ గారి బొమ్మ తెలుగు పేజీ మీదా ఉంటుంది, ఒడియా పేజీ మీదా ఉంటుంది. ఈ రెండు అరలు కలిసి మా ఇంట్లో ఎంత పని చేశాయో నేను ఎంత చెప్పినా తక్కువే.

మా పాపకి ఇంట్లో తెలుగే. అమ్మమ్మతో, పక్కింటి పిన్నిగారితో గలగలా మాట్లాడుతుంది. స్కూల్లో ఇంగ్లీషు, ఒడియా, హిందీ. తెలుగు అక్షరం కంటికి కనపడేది పండగ క్యాలెండరు మీదా, ఇచ్ఛాపురం దాటాక బస్సుల మీదా. అక్షరమాల పుస్తకాలు కొన్నాను, ఫోనులో పాఠాలు పెట్టాను. ఎనిమిదేళ్ళ పిల్లకి అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని చెప్తే ముఖం తిప్పేసుకునేది. అప్పటికే అది ఒడియాలో పెద్ద కథలు చదివేస్తోంది మరి, దాన్ని మళ్ళీ అంగన్వాడీలో కూర్చోబెట్టినట్టు ఉండేది.

లైబ్రరీ చూసుకునే బాబాయిగారు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం పాప ఆ కింది అర ముందు కూర్చుని జహ్నమాము చదువుతుంటే ఆయన పైఅరలోంచి అదే అట్టబొమ్మ ఉన్న చందమామ తీసి పక్కన పెట్టారు. ఏమీ చెప్పలేదు. పాప రెండు అట్టలూ చూసింది, రెండూ తెరిచి ఒకే బొమ్మ దగ్గర ఆపింది. ఇక్కడ ఏం రాశారో అక్కడా అదే రాశారని తనంతట తనే కనిపెట్టింది. ఆ పూట కథ పేరు, అందులో వచ్చే రాజు పేరు, ఊరి పేరు, ఈ మూడింటిలోంచి పట్టిన అక్షరాలు కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చింది.

ఒడియా వచ్చిన పిల్లకి తెలుగు అక్షరాలు పట్టడం మనం అనుకున్నంత కష్టం కాదు. వర్ణమాల వరస ఒకటే, గుణింతాల పద్ధతి ఒకటే, కిందకి ఒత్తు ఇవ్వడం ఒడియాలోనూ ఉంది కాబట్టి ఒత్తులంటే బెదరదు. ళ కూడా రెండింటిలోనూ ఉంది. తడబడేది ఎక్కడంటే ఎ, ఏల దగ్గరా, ఒ, ఓల దగ్గరా. ఒడియా రాతలో ఆ పొట్టి, పొడుగు తేడా లేదు. అలాగే ఒడియాలో హల్లు మీద గుర్తేమీ లేకపోతే ఒకారం లాంటి ధ్వని పలుకుతారు, అందుకని మా పాప కొన్నాళ్ళు కమలని కొమొలొ అని చదివేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి చెవికి తేడా కొట్టి తనే దిద్దుకునేది. నేను పక్కన కూర్చున్నాను కానీ దిద్దాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది బేతాళ కథలు. చందమామ చదివినవాళ్ళందరికీ తెలుసు, ఏ నెల కథైనా అవే మాటలతో మొదలవుతుంది, అదే తీరులో ముగుస్తుంది. పెద్దవాళ్ళం ఆ మొదటి పేరా దాటేసి కథలోకి వెళ్ళిపోతాం. చదవడం నేర్చుకునే పిల్లకి ఆ పేరానే బంగారం. మొదటిసారి కూడబలుక్కుని చదివింది. ఇంకో సంచిక తీస్తే మళ్ళీ అదే పేరా, సగం దానంతట అదే నోటికొచ్చింది. మరికొన్ని సంచికలయ్యేసరికి వేలు పెట్టకుండా, ఆగకుండా చదివి, "అమ్మా, నాకు తెలుగు వచ్చేసింది" అంది. కథ మధ్యలోకి వెళ్ళాక మళ్ళీ తడబడిందనుకోండి. కానీ ఒక పేరా గబగబా చదవగలిగానన్న ధైర్యం ఏ వాచకమూ దానికి ఇవ్వలేదు. వెనక పేజీల్లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉంటుంది కదా, రెండు ఫోటోలు, రెండు చిన్న వ్యాఖ్యలు, గెలిచినవాళ్ళ పేరు, ఊరు. పడుకోబోయే ముందు చదవడానికి అంతకంటే సరైన పొడుగు లేదు. పాప ముందు ఊరి పేరు చదివి, అది మనం రైల్లో దాటే ఊరో కాదో అడిగేది.

ఈ మెచ్చుకోలులో కొంత తగ్గించి చెప్పాల్సింది కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదటి ఏడాదికి సరిపోయే పద్ధతి. తర్వాత అదే అడ్డమవుతుంది. కష్టమైన వాక్యం రాగానే కళ్ళు ఒడియా వైపు వెళ్ళిపోతాయి, అర్థం దొరికిపోతుంది, తెలుగు వాక్యం అలాగే మిగిలిపోతుంది. మేం తర్వాత ఒడియా సంచికని మూసి పక్కన పెట్టి, కథ మొత్తం అయ్యాకే తెరవాలని నియమం పెట్టుకున్నాం. పైగా రెండు భాషల్లోనూ జత దొరికే సంచికలు ఆ బీరువాలో తక్కువే. అవయ్యాక మిగతావి విడివిడిగా చదువుకోవడమే.

ఇక ఫిర్యాదు.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకి లైబ్రరీ వెనక గది రేకులు లేచిపోయి ఆ బీరువా కింది అర తడిసిందని అక్కడివాళ్ళు చెప్తారు. ఇప్పటికీ చాలా జహ్నమాముల అంచున గోధుమరంగు మరక కనిపిస్తుంది, కొన్ని పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, బాబాయిగారు పలచటి వెదురుబద్ద పెట్టి ఓపిగ్గా విడదీసి ఇస్తారు. తర్వాత చెద కూడా పట్టింది. అందుకని బైండింగుకి ఒక దాత డబ్బిస్తానంటే కమిటీవాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. అందులో వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆంధ్రాలో 1960 చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ఉంది. ఒడిశాలో 2001లో చట్టమైతే వచ్చింది కానీ అలాంటి పన్ను లేదు. అయినా సంఘం నడిపే లైబ్రరీకి ఏ పన్నూ రాదు, చందాలూ దాతలే దిక్కు. డబ్బు వచ్చినప్పుడే పని చేయించుకోవాలి.

వేసవి సెలవులకి శ్రీకాకుళం వెళ్ళి తిరిగొచ్చాక లైబ్రరీకి వెళ్తే బీరువాలో నల్ల కాలికో గుడ్డ అట్టల వాల్యూములు వరసగా నిలబడి ఉన్నాయి, వీపు మీద బంగారు అక్షరాలు. పాప బీరువా ముందు నిలబడి, "అమ్మా, బొమ్మలేవీ?" అంది. అది ఇన్నాళ్ళూ సంచికని నెల పేరుతో వెతకలేదు, అట్టబొమ్మతో వెతుక్కుంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు వేసిన ఆ రంగు అట్టలన్నీ బైండరు చించేశాడు. బైండింగులో పాత అట్టలు తీసేయడం చాలాచోట్ల మామూలేనట. మాకు మాత్రం రెండు భాషల్నీ కలిపిన తాడు అవే.

ఒక వాల్యూము తెరిచి చూశాను. పక్క కుట్టు వేశాడు, అది కూడా మరీ లోపలికి. పేజీ పూర్తిగా విప్పుకోదు, లోపలి వైపు అక్షరాలు కుట్టులోకి పోయాయి. రెండు వాల్యూములు బల్ల మీద తెరిచి పెడితే రెండూ మూసుకుపోతాయి, ఒకదాని మీద నా మోచెయ్యి, ఇంకోదాని మీద పాప మోచెయ్యి. అంచులు సమంగా రావాలని మిషన్ మీద కోయించాడు. పాత సంచికల్లో కింద మార్జిన్ అసలే తక్కువ, చాలా పేజీల్లో ఆఖరి వరస కింద ఒత్తులు తెగిపోయాయి. అమ్మ అని ఉండాల్సినచోట అమ అని ఉంది. చదవడం వచ్చినవాళ్ళు అది గమనించకుండానే సరిగ్గా చదివేస్తారు. నేర్చుకునే పిల్ల ఉన్నది ఉన్నట్టు చదువుతుంది, అర్థం కాక నా ముఖం చూస్తుంది. నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది, దాచుకోలేదు.

కమిటీ పెద్దాయనతో మాట్లాడాను. "చెదలు తినేసేకంటే నయం కదమ్మా" అన్నారు. ఆ మాట నిజమే, నేనూ కాదనలేదు. కానీ బైండింగుకి ఇచ్చే ముందు ఆ పుస్తకాలు రోజూ ఎవరు ఎలా వాడుతున్నారో బాబాయిగారిని అడిగి ఉంటే ఆయన చెప్పేవారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఈ ఫిర్యాదులో నేను వెనక్కి తీసుకోనిది ఇదొక్కటే.

తర్వాత బాబాయిగారూ నేనూ కలిసి బైండరు దుకాణానికి వెళ్ళాం. మూల కుప్పలో కొన్ని అట్టలు ఇంకా ఉన్నాయి, మిగతావి అప్పటికే పొట్లాలకి పోయాయి. దొరికినవి తెచ్చి ప్లాస్టిక్ సంచిలో వేసి బల్ల సొరుగులో పెట్టాం. ఇంకా మంచి కబురు ఏంటంటే ఒక కట్ట అప్పటికి కత్తిరించలేదు. దాన్ని అలాగే వెనక్కి ఇమ్మని కమిటీని బతిమాలితే, బైండింగుకి డబ్బిచ్చిన దాతే ముందు సరేనన్నారు. ఇప్పుడు ఆ విడి సంచికల్ని కింద ఒక అట్ట, పైన ఒక అట్ట పెట్టి నవారుతో కట్టి, మధ్యలో ఎండు వేపాకు పెట్టి ఉంచుతున్నారు. వానాకాలంలో నెలకోసారి విప్పి గాలికి ఆరబెట్టాలి. ఆ పని చేయడానికి మాలాంటి రెండు మూడు కుటుంబాలవాళ్ళం వంతులు వేసుకున్నాం.

పాత చందమామలు ఫోనులో దొరుకుతాయి కదా అని చాలామంది అంటారు. దొరుకుతాయి, నేనూ చూశాను. కానీ రెండు భాషలూ బల్ల మీద ఒకేసారి పరిచి ఒక బొమ్మ మీంచి ఇంకో బొమ్మ మీదకి వేలు జరిపే వీలు ఆ చిన్న తెర మీద లేదు. మా ఇంట్లో ఫోను పట్టుకున్న పిల్ల అయిదు నిమిషాల్లో ఇంకేదో చూస్తుంది.

మీకు పనికొస్తుందా అంటే మీ పిల్లల్ని బట్టి ఉంటుంది. మా పాపకి ఒడియా బాగా వచ్చు, ఇంట్లో తెలుగు వినపడుతూనే ఉంటుంది, నాకు ఆదివారం పూట ఖాళీ దొరుకుతుంది. ఈ మూడూ కలిశాయి కాబట్టి కుదిరింది. ఒడియా కంటే హిందీ బాగా చదివే పిల్లలకి ఈ బీరువా అంత సాయం చేయదు, హిందీ సంచికలు అక్కడ లేవు. మాట్లాడటం కూడా రాని పిల్లలకైతే ముందు ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడాలి, బేతాళుడు ఆ తర్వాత. కొత్త పిల్లల పుస్తకాలు, రంగురంగులవి కావాలనుకునేవాళ్ళకి ఇక్కడ నిరాశే. పెద్దవాళ్ళకి నవలలున్నాయి కానీ వాటి గురించి చెప్పేంతగా నేను చదవలేదు.

వెళ్తే నల్ల అట్టల వాల్యూములు తియ్యకండి, నవారు కట్టిన విడి సంచికల కట్ట కావాలని అడగండి. అవి ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. జహ్నమాముల్లో సగం ఇప్పుడు మేడ మీద గదిలో పెట్టారు, ఆ తాళం బాబాయిగారి దగ్గర ఉండదు. ముందురోజే ఆయనకి చెప్పి ఉంచితే కమిటీవాళ్ళ దగ్గర తాళం తెప్పించి, తెలుగువాటితో జత కుదిరే సంచికలు ఏరి బల్ల మీద పెట్టి ఉంచుతారు.