అట్ట మీది బొమ్మా, లోపలి కథా: పాత చారిత్రక ప్రేమ నవలల్లో ఏది మేలు?

ఆదివారాలు అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లకూ పాత పత్రికల కట్టలకూ మధ్య ఎప్పుడూ కొన్ని ఇంగ్లీషు ప్రేమ నవలలు ఉంటాయి. వాటి వెన్ను నాలుగుచోట్ల విరిగి ఉంటుంది, అంచులు పసుపెక్కి ఉంటాయి, మొదటి పేజీలో ఏదో అద్దె లైబ్రరీ ముద్ర సగం చెరిగి కనిపిస్తుంది. చాలా ఏళ్ల కిందట అలాంటివి మూడు చేతిలో పట్టుకుని, ఏది కొనాలో తేలక నిలబడిపోయాను. మూడూ చారిత్రక ప్రేమకథలే. కానీ అట్టలు చూస్తే ఒకదానికొకటి చుట్టరికం కూడా ఉన్నట్టు తోచలేదు.

ఒకటి జార్జెట్ హేయర్‌ది. పాతకాలపు గౌనులో ఒక అమ్మాయి నిటారుగా నిలబడి, ఎవరి మాటకో జవాబు వెతుక్కుంటున్నట్టు చూస్తోంది. రెండోది బార్బరా కార్ట్‌లాండ్‌ది. లేత గులాబీ, లేత నీలం రంగులు, ముఖంలో సగం కళ్లే ఉన్న పిల్ల. మూడోది జొహానా లిండ్సీది. దాని మీద మగమనిషికి చొక్కా లేదు, ఆడమనిషి గౌను భుజం మీద నిలిచే ఉద్దేశంలో లేదు, ఇద్దరి వెనక ఆకాశం ఉరుముతోంది. అమ్మే ఆయన మూడోదాన్నే తీసి పైన పెట్టి, “ఇది తీసుకోండి మేడం, అందరూ ఇదే అడుగుతారు” అన్నాడు. బేరమాడి మూడూ తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఈ మూడు రకాలూ కొంటూనే ఉన్నాను. ఎవరైనా “ఒక్కటే చదవాలంటే ఏది?” అని అడిగితే, అట్ట ఇచ్చిన మాటను లోపలి కథ ఎంతవరకు నిలబెట్టుకుందో ముందు చూస్తాను. ఈ కొలతతో చూసినప్పుడు అబిడ్స్‌లో అమ్మే ఆయన అంచనా కొంత తలకిందులవుతుంది.

కార్ట్‌లాండ్ సంగతి త్వరగా తేలిపోతుంది. 1901లో పుట్టి 2000లో కన్నుమూసిన ఆమె 723 పుస్తకాలు రాసిందని లెక్క. రాసిందనడం కన్నా చెప్పిందనడం సబబు. సోఫాలో వాలి ఆమె చెబుతుంటే సెక్రటరీ రాసుకునేది. 1976లో ఒక్క ఏడాదిలో 23 నవలలు పూర్తిచేసింది. ఆమె పోయాక కూడా అచ్చుకాని రాతప్రతులు 160 మిగిలాయి. ఆమె అట్టలకు చాలాకాలం బొమ్మలు వేసినవాడు ఫ్రాన్సిస్ మార్షల్. వోగ్ పత్రికకు ఫ్యాషన్ బొమ్మలు గీసి చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి గౌను మడత ఎక్కడ పడాలో, చేతి తొడుగు ఎక్కడ ముగియాలో ఆయనకు తెలుసు. ముఖం మాత్రం ప్రతిసారీ దాదాపు అదే: గుండె ఆకారం, చిన్న నోరు, బెదిరిన కళ్లు.

లోపల కథ కూడా అచ్చం అలాగే ఉంటుంది. డబ్బులేని అనాథ, లోకం మీద విసుగెత్తిన డ్యూకు, ఒక దుర్మార్గపు పినతండ్రి, చివర ఒక ముద్దు. పడకగది తలుపు పాఠకురాలికి తెరుచుకోదు. కథానాయిక మాట్లాడితే వాక్యం మధ్యలో చుక్కలు తప్పవు. ఆమె సిగ్గుకు, భయానికి, ప్రేమకు అన్నింటికీ ఆ చుక్కలే. అట్ట అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒకటి చదివితే హాయిగా ఉంటుంది, వరసగా మూడు చదివితే ఏ డ్యూకు ఎవరిని పెళ్లాడాడో మరిచిపోతాం. జ్వరం వచ్చి తగ్గుతున్న రోజున మాత్రం దీనికి సాటి లేదు.

అసలు చెప్పవలసింది మూడో రకం గురించే. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో దీన్ని ‘క్లించ్’ అట్ట అంటారు. మనం కౌగిలి అట్ట అనుకుందాం. ఈ రకం కథలకు దారి తీసింది 1972లో అమెరికాలో ఏవన్ సంస్థ వేసిన కాథ్లీన్ వుడివిస్ నవల ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’. నిడివి ఎక్కువని గట్టి అట్టల ప్రచురణకర్తలు కాదన్న ఆ రాతప్రతిని ఏవన్ నేరుగా పేపర్‌బ్యాక్‌గా తెచ్చింది. అది లక్షల్లో అమ్ముడైంది. అది చూసే రోజ్‌మేరీ రోజర్స్ తన రాతప్రతిని అదే సంస్థకు పంపింది. ఆమె నవల 1974లో వచ్చింది. రోజర్స్ పుట్టింది మన పక్కనే, సింహళంలో. అక్కడ పత్రికా విలేకరిగా పనిచేసి, తరవాత కాలిఫోర్నియా వెళ్లి ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు ఉద్యోగం చేస్తూ రాసింది. అమెరికా పడమటి ఎడారుల ప్రేమకథల్లో పేరు మోసినవాటిలో ఒకటి పానదురలో పుట్టిన అమ్మాయి రాసిందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

ఆ దశాబ్దం నడుస్తుండగా అట్టలు పెరుగుతూ పోయాయి. స్టూడియోలో ఇద్దరు మోడళ్లకు ఆనాటి దుస్తులు తొడిగి, జుట్టు ఎగరడానికి ఫ్యాను పెట్టి ఫొటోలు తీసేవారు. చిత్రకారుడు ఆ ఫొటోలు ముందు పెట్టుకుని రంగులు వేసేవాడు. ఆ పైన పేరు అక్షరాలను ఉబ్బెత్తుగా, బంగారు రేకుతో అచ్చేసేవారు. ఇంత హంగామా పాఠకురాలి కోసమే అనుకుంటే పొరపాటు. మందుల షాపులకు, సూపర్ మార్కెట్లకు పుస్తకాలు సరఫరా చేసే టోకు పంపిణీదారుల్లో మగవాళ్లే ఎక్కువ. ముందు వాళ్ల కంట పడాలి.

అయితే బొమ్మగా చూస్తే వీటిలో మంచివి నిజంగా మంచివి. రాబర్ట్ మెగిన్నిస్ వేసిన అట్ట ఒకటి చేతికి వస్తే పక్కన పెట్టబుద్ధి కాదు. జేమ్స్ బాండ్ సినిమాల పోస్టర్లు వేసిన చెయ్యే అది. సాగదీసిన కాళ్లు, పొడవాటి మెడ, పట్టు మీద వెలుగు జారే తీరు, ఒక్కొక్కటీ ఆగి చూడాలి. 1985లో లిండ్సీ నవల ఒకదానికి ఆయన వేసిన బొమ్మలో మగమనిషి ఒంటి మీద నూలుపోగు లేదు. దుకాణాల నుంచి గొడవ రాగానే ఏవన్ వాళ్లు నడుము కింది భాగం మీద అంటించడానికి బంగారు రంగు స్టిక్కర్లు పంపారు. లక్షలు పోసి వేయించుకున్న బొమ్మకు చివరికి అది గోచీ అయింది.

ఇంకో చిత్రకారిణి ఎలైన్ డుయిల్లోది వేరే దారి. ఆమె బొమ్మలో ప్రతి వెంట్రుకా విడివిడిగా మెరుస్తుంది. 1987లో వచ్చిన లిండ్సీ నవల ‘హార్ట్స్ అఫ్లేమ్’కు ఆమె వేసిన అట్టకు మోడల్‌గా నిలబడింది మిలాన్ కుర్రాడు ఫాబియో. తరవాత అతను ఎన్ని అట్టల మీద కనిపించాడో చెప్పడం కష్టం. ఆ కథ 9వ శతాబ్దపు ఇంగ్లండులో, వైకింగుల దాడుల రోజుల్లో నడుస్తుంది. అట్ట మీది జుట్టు మాత్రం కచ్చితంగా 1987దే. కౌగిలి అట్టల్లో చరిత్ర ఎప్పుడూ నడుము కిందికే, అంటే గౌను కుచ్చిళ్లకే పరిమితం. పైభాగమంతా అచ్చైన ఏడాదిది. తొందరలో జరిగే పొరపాట్లకూ కొదవ లేదు. 1993లో క్రిస్టినా డాడ్ నవల ఒకటి కథానాయికకు మూడు చేతులతో అచ్చైంది. ఆ ప్రతి కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇక అట్ట ఇచ్చిన మాట విషయానికి వస్తాను. బొమ్మలో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తపిస్తూ కనిపిస్తారు. ఆమె తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని ఉంటుంది. ఇష్టం లేదని ఆ బొమ్మ చూసి ఎవరూ అనరు. వుడివిస్ నవల తెరవండి. 18వ శతాబ్దం చివర, లండను రేవులో దిక్కుతోచక తిరుగుతున్న పదిహేడేళ్ల హెదర్‌ను వేశ్య అనుకుని ఓడ మీదికి తెస్తారు. ఓడ కెప్టెన్ ఆమెను బలవంతం చేస్తాడు. అతనే కథానాయకుడు. మిగిలిన వందల పేజీల్లో గర్భం, బలవంతపు పెళ్లి, అట్లాంటిక్ ప్రయాణం, చార్ల్‌స్టన్‌లో కాపురం, ఆ తరవాత మెల్లగా ప్రేమ. రోజర్స్ నవలల్లో ఇంకా కరుకుగా ఉంటుంది. ఈ రకాన్ని ‘బాడిస్ రిప్పర్’ అని, అంటే రవిక చించే కథలని వెక్కిరించింది ఊరికే కాదు.

దీన్ని సమర్థించేవాళ్లు ఒక మాట చెబుతారు. మంచి ఆడపిల్ల కోరికను నోటితో చెప్పకూడని కాలంలో, బలవంతం అనే సాకు చాటున రచయిత్రులు ఆ కోరికను కాగితం మీదికి తెచ్చారని. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఈ కథల్లో ఆడవాళ్లు సముద్రాలు దాటుతారు, కోపం తెచ్చుకుంటారు, కత్తి పట్టుకుంటారు. కార్ట్‌లాండ్ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యదు. కథ నడక కూడా ఇక్కడ జోరుగా ఉంటుంది. రాత్రి పదకొండుకు మొదలుపెడితే రెండింటికి గానీ దీపం ఆర్పలేం. అయినా ఆ మొదటి అధ్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. హాయిగా వాలిన ఆ తల చూసి కొన్నవాళ్లకు లోపల ఉన్నది ఇదని అట్ట ముందే చెప్పి ఉండవలసింది.

బస్సులో పట్టుకుని చదవలేని అవస్థకు ప్రచురణకర్తలు తరవాత ఒక ఉపాయం కనిపెట్టారు. పైన ఒక పువ్వో, నగో, రచయిత్రి పేరో వేసి, దాన్ని తిప్పితే లోపల రెండో అట్ట మీద నిండు కౌగిలి. నాకు దొరికిన వాటిలో ఆ లోపలి బొమ్మను ఎవరో శుభ్రంగా చింపుకుపోయిన ప్రతులే ఎక్కువ. మా హాస్టల్లో ఇంత ఖర్చు లేదు. పాత కేలండర్ కాగితం తిప్పి, తెల్లవైపు పైకి వచ్చేలా అట్ట వేసేవాళ్లం. పరీక్షల ముందు గదిలో అన్ని పుస్తకాలకూ తెల్ల అట్టలు కనిపిస్తే ఎవరేం చదువుతున్నారో వార్డెనుకు చెప్పనక్కర్లేకుండా తెలిసేది.

ఇక హేయర్. 1902లో పుట్టింది. జబ్బుపడిన తమ్ముడికి కాలక్షేపంగా చెప్పిన కథే 1921లో ఆమె మొదటి నవల అయింది. 1935 నుంచి ఆమె చేతిలో రీజెన్సీ నవల అనే రకం రూపు దిద్దుకుంది. 1811 నుంచి 1820 దాకా, ఇంగ్లండు రాజు మతి చలించి, అతని బదులు కొడుకు రీజెంటుగా ఏలిన కాలం అది. ఆ పదేళ్ల బళ్లు, బట్టలు, తిట్లు, ధరలు అన్నీ నోటు పుస్తకాల్లో ఎక్కించుకుంది. 1937లో రాసిన నవలలో వాటర్లూ యుద్ధాన్ని ఎంత కచ్చితంగా వర్ణించిందంటే సైనిక చరిత్ర తెలిసినవాళ్లు కూడా మెచ్చుకున్నారు. గట్టి అట్టల ప్రతులకు అర్థర్ బార్బోసా వేసిన పై కవర్లలో ఈ శ్రద్ధ కనిపిస్తుంది. మనుషులు బొమ్మల కొలువులో పెట్టినట్టు పొందికగా ఉంటారు, దుస్తుల్లో తప్పు దొరకదు. పేపర్‌బ్యాకుల దగ్గరికి వచ్చేసరికి అది మామూలు ప్రేమ నవలలా కనిపిస్తుంది. ఇది కడుపుబ్బ నవ్వించే పుస్తకం అని ఏ అట్టా చెప్పదు. ఇదీ మాట తప్పడమే, కానీ ఈసారి లాభం పాఠకురాలికి.

‘ద గ్రాండ్ సోఫీ’ (1950) తీసుకోండి. అత్తవారింటికి కాదు, మేనత్త ఇంటికి సోఫీ అనే ఒక పొడుగాటి పిల్ల కోతితో, చిలుకతో, వేటకుక్కతో దిగుతుంది. వారం తిరగకుండా ఆ ఇంట్లో అందరి పెళ్లి సంబంధాలూ తారుమారు చెయ్యడం మొదలుపెడుతుంది. మేనత్త కొడుకు అప్పు తీర్చడానికి చలికి చేతులు దూర్చుకునే బొచ్చు గొట్టంలో (మఫ్‌లో) పిస్తోలు దాచుకుని వడ్డీ వ్యాపారి దగ్గరికి ఒంటరిగా వెళుతుంది. ఆ ఘట్టం ఉత్కంఠగా ఉంటుంది, అవమానకరంగానూ ఉంటుంది. ఆ వ్యాపారి యూదుడు. అతన్ని హేయర్ వర్ణించిన తీరులో జాతి ద్వేషం దాచుకోకుండా కనిపిస్తుంది. యూదుల మారణహోమం జరిగిన రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఐదేళ్లయినా ఆమెకు ఆ స్పృహ లేకపోయింది. వుడివిస్‌ను తప్పు పట్టిన నోటితో ఇది చెప్పకుండా ఉండలేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మొదటి నలభై పేజీలు ఆనాటి లండను యాసతో, బళ్ల పేర్లతో, ఒకే మనిషికి పేరు, ఇంటిపేరు, బిరుదు మూడూ ఉండటంతో తల తిరుగుతుంది. ఓపిక పట్టాలి. తరవాత ఆ మాటల పొగరే రుచిగా అనిపిస్తుంది.

కార్ట్‌లాండ్‌కూ హేయర్‌కూ మధ్య పాత తగాదా ఒకటుంది. 1950లో ఒక పాఠకురాలు హేయర్‌కు ఉత్తరం రాసి, కార్ట్‌లాండ్ కొత్త నవలల్లో మీ పాత్రల పేర్లు, కథలు కనిపిస్తున్నాయని చెప్పింది. హేయర్ ఆ నవలలు తెప్పించుకుని పోలికలన్నీ వరసగా రాసి వకీళ్లదాకా వెళ్లింది. వ్యవహారం కోర్టుకు ఎక్కలేదు. ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది మాత్రం దొంగతనం కాదు, కాలం గురించి తెలియకుండా కాలాన్ని వాడుకోవడం. ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ మంట న్యాయమే అనిపిస్తుంది.

గోడకు తగిలించుకోవడానికి అడిగితే కళ్లు మూసుకుని మెగిన్నిస్ కౌగిలి అట్ట ఇస్తాను, కథ చదవమని బలవంతపెట్టను. చదవడానికి అడిగినవాళ్లకు, లోపల ఆ వడ్డీ వ్యాపారి ఉన్నాడని ముందే చెప్పి, సోఫీని ఇస్తాను. కార్ట్‌లాండ్ ఎవరూ అడగరు, ఇంటికి వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే తీసుకుంటారు, తిరిగి తెచ్చి ఇవ్వరు కూడా.

మా ఇంటి అరలో లిండ్సీ బొమ్మ బయటికి కనిపించేలా నిలబెట్టి ఉంటుంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే ముఖం గోడవైపు తిప్పుతాను. ఆ రోజు అబిడ్స్‌లో కొన్న హేయర్‌కు ఇప్పుడు అట్టే లేదు. చదివి చదివి ఊడిపోయింది. వెన్ను దారంతో కుట్టి, పాత కేలండర్ కాగితం వేసి, వీపు మీద పెన్నుతో పేరు రాసుకున్నాను.