పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 - ఏళ్ల తరబడి వాడాక

ఇది 2012 చివర్లో వచ్చి, బీఎస్-6 కాలుష్య నిబంధనలతో 2020లో ఆగిపోయిన కార్బరేటర్ థండర్‌బర్డ్ 350 గురించి. 346 సీసీ, రెండు ప్లగ్గులు, 5,250 ఆర్‌పీఎం దగ్గర 19.8 బీహెచ్‌పీ, 4,000 దగ్గర 28 ఎన్‌ఎం టార్క్, 192 కిలోల బరువు, 20 లీటర్ల ట్యాంకు. నల్లగొండ, పాలమూరు రోడ్లకు ఈ బండి బాగా సరిపోతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయి రావడానికి ఒక్క ట్యాంకు చాలు, ఇంకా మిగులుతుంది. కండిషన్‌లో ఉంటే లీటరుకు 32 నుంచి 36 కిలోమీటర్లు ఇస్తుంది. గంటకు 75-90 కిలోమీటర్ల మధ్య రోజంతా నడిపినా నడుము పట్టదు. 95 దాటాక ఫుట్ రెస్టుల్లోకి వణుకు వస్తుంది, అది ఈ ఇంజిన్ గుణం. 110 మీద నిలకడగా పోవాలనుకునే వాళ్లు దీని మీద డబ్బు పెట్టొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న వాళ్లందరి నోటా ఒకటే మాట వినపడుతుంది: "పికప్ లేదు". వెంటనే మెకానిక్ బోర్ చేయించమంటాడు (సిలిండర్ తొలిచి కొత్త పిస్టన్ వేయడం), లేదంటే సైలెన్సర్ మార్చమంటాడు. రెండూ తొందరపాటే. పాత బండిలో బలం ముందు పోయేది ఇంజిన్‌లో కాదు, ఇంజిన్ నుంచి చక్రం దాకా ఉన్న దారిలో. అందుకే పని వెనక చక్రం దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు రావాలి. ఇంజిన్ విప్పాల్సిన అవసరం చాలా బండ్లకు రానే రాదు.

అంతకంటే ముందు ఒక కొలత తీసుకోండి. నార్కట్‌పల్లి - నకిరేకల్ మధ్య హైవే లాంటి సమమైన రోడ్డు మీద, ఖాళీ సమయంలో, ఐదో గేరులో 50 దగ్గర నుంచి థ్రాటిల్ పూర్తిగా తిప్పి 80 చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వెనక కూర్చున్న మనిషి ఫోన్‌లో చూడాలి. గాలి ప్రభావం పోవడానికి రెండు వైపులా చేసి సగటు రాసి పెట్టుకోండి. ప్రతి పని అయ్యాక అదే చోట, అదే మనిషితో మళ్లీ చూడండి. ఏ రిపేరు నిజంగా పని చేసింది, ఏది డబ్బు దండగ అన్నది దీంతోనే తేలుతుంది.

ఇక చక్రాలు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో గట్టిగా తిప్పితే తేలిగ్గా తిరుగుతూ మెల్లగా ఆగాలి. సగం చుట్టుకే ఆగిందంటే డిస్క్ బ్రేక్ పట్టుకుంటోంది. వెనక క్యాలిపర్ (డిస్క్‌ను నొక్కే భాగం) మీద మట్టి, చైన్ ఆయిల్ పడి స్లైడ్ పిన్నులు బిగుసుకుంటాయి. పిన్నులు తీసి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టాలి, మామూలు గ్రీజు రబ్బర్లను ఉబ్బిస్తుంది. పిస్టన్ లోపలికి పోకపోతే సీల్స్ మార్చడమే. పది కిలోమీటర్లు బ్రేక్ తక్కువగా వాడి నడిపి, ఆగాక డిస్క్ మీద నీటి చుక్క వేయండి. చుయ్‌మంటే బ్రేక్ ఇంకా పట్టుకుంటోందని అర్థం. ముందు చక్రానికీ ఇదే పరీక్ష. డాట్-4 బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి.

చైన్‌ను ఒక్కచోట చూసి బిగించడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. అరిగిన చైన్ అంతటా ఒకేలా సాగదు. చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు వెతికి, అక్కడ 25-30 మిల్లీమీటర్ల వదులు ఉండేలా పెట్టాలి. బిగువు చోటుకూ వదులు చోటుకూ తేడా బాగా ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్‌గా మార్చండి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే అది కూడా త్వరగా పాడవుతుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు) మీది గీతలను పూర్తిగా నమ్మొద్దు, వెనక చక్రం నుంచి ముందుకు దారం పట్టి రెండు వైపులా సరిచూడాలి. గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి 'టక్' అని కుదుపు వస్తే వెనక చక్రం హబ్‌లోని కుదుపు తట్టుకునే రబ్బర్లు పిప్పి అయినట్టే. చవకైన వస్తువు, కానీ అది మార్చగానే బండి నడక మారిపోతుంది.

టైర్లు ముందు 90/90-19, వెనక 120/80-18. పక్కన నాలుగంకెల తారీఖు ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైరుకు గుండీలు (ట్రెడ్) ఎంత ఉన్నా మన ఎండకు రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, వాన పడితే జారుతుంది. గాలి ముందు 22 పీఎస్‌ఐ, వెనక 28 నుంచి 30. వెనక మనిషి, సామాను ఉంటే 32. స్పోక్ రిమ్ముల్లో ట్యూబ్ ఉంటుంది కాబట్టి మూడు నాలుగు ప్యాచీలు ఉన్న ట్యూబ్‌తో మే నెలలో దూరం పోవద్దు, వేడికి ప్యాచీ ఊడుతుంది. అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు 2018లో వచ్చిన థండర్‌బర్డ్ ఎక్స్ మోడల్‌కే ఇచ్చారు.

క్లచ్ పరీక్ష సులువు. నాలుగో గేరులో 50 మీద ఒక్కసారి థ్రాటిల్ పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, వేగం మాత్రం మెల్లగా పెరిగితే ప్లేట్లు జారుతున్నాయి. ప్లేట్లు కొనేముందు లివర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉందో లేదో చూడండి, కేబుల్ మరీ బిగిస్తే మంచి ప్లేట్లూ జారుతాయి. కారు ఇంజిన్ ఆయిల్ పోసినా అంతే. ఈ బండిలో క్లచ్ అదే ఆయిల్‌లో తిరుగుతుంది.

కరెంటు విషయంలో చాలామంది పట్టించుకోనిది బ్యాటరీ. 12 వోల్టుల 14 ఏహెచ్ బ్యాటరీ నీరసించి ఉండగా సెల్ఫ్ నొక్కుతూ పోతే, మోటారు ఇంజిన్‌ను పూర్తిగా తిప్పలేక పిస్టన్ వెనక్కి తంతుంది. ఆ దెబ్బ స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటారు తిప్పుడును ఇంజిన్‌కు అందించే భాగం) మీద పడుతుంది. సెల్ఫ్ నొక్కితే గరగరమని గిర్రున తిరిగి ఇంజిన్ కదలకపోవడం దాని లక్షణం. అది మార్చాలంటే ఎడమ కవర్ విప్పాలి, ఖర్చు బ్యాటరీ కంటే చాలా ఎక్కువ. బండి రాత్రంతా నిలిచాక 12.6 వోల్టులు, 3,000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 ఉండాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు పదికంటే బాగా కిందికి పడితే ఆ రోజుకు కిక్ కొట్టండి, రేపు బ్యాటరీ మార్చండి. నడుస్తుండగా 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్ (చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్-రెక్టిఫయర్) పోయింది, కొత్త బ్యాటరీని కూడా ఉడికిస్తుంది.

రెండు ప్లగ్గులూ ఒకేసారి మార్చాలి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్. ఒక ప్లగ్గు పని చేయకపోయినా బండి ఆగదు, అదే ఇబ్బంది. పికప్ తగ్గి, మైలేజీ పడిపోయి, కారణం తెలియకుండానే నెలలు గడుస్తాయి. ఐడిలింగ్‌లో ఒక్కో ప్లగ్ క్యాప్‌ను ఇన్సులేటెడ్ ప్లయర్‌తో తీసి చూడండి. ఏ వైపు తీస్తే చప్పుడు ఏమీ మారదో ఆ వైపు కాయిల్ గానీ, క్యాప్ గానీ, ప్లగ్గు గానీ పోయింది. ఊడిన క్యాప్‌లో స్పేర్ ప్లగ్గు పెట్టి ఇంజిన్ బాడీకి ఆనించి ఉంచాలి, లేకపోతే కాయిల్ దెబ్బతింటుంది.

అసలు పని కార్బరేటర్‌లో ఉంది. ఏ లక్షణానికి ఏది కారణమో తెలిస్తే ఊరికే విప్పనక్కర్లేదు. చోక్ తీయగానే ఆగిపోతే పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం) మూసుకుంది. 60 దాకా బాగానే పోయి, ఆ పైన ఎంత తిప్పినా రాకపోతే ముందు కార్బరేటర్ పై మూత తీసి డయాఫ్రం (స్లైడ్‌ను పైకి లేపే పల్చటి రబ్బరు పొర) వెలుతురుకు పట్టి చూడండి. సూది మొనంత రంధ్రం ఉన్నా స్లైడ్ పూర్తిగా లేవదు. కొత్తది వేసేటప్పుడు అంచు గాడిలో సరిగ్గా కూర్చోవాలి, మూత కింద నలిగితే మొదటి రోజే చిరుగుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటలాడితే ఇంజిన్‌కూ కార్బరేటర్‌కూ మధ్య రబ్బరు బూటు పగిలి గాలి పీలుస్తూ ఉండొచ్చు. ఐడిలింగ్‌లో బూటు చుట్టూ కార్బ్ క్లీనర్ కొద్దిగా చల్లితే, పగులు ఉన్న చోట ఆర్‌పీఎం మారుతుంది. వేడి సైలెన్సర్ మీద పడకుండా చూసుకోండి. పది పదిహేను కిలోమీటర్లు పోయాక తడబడి ఆగి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. జెట్లలో ఇనుప తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే ఇక ఏ ట్యూనింగూ నిలవదు.

కార్బరేటర్ పక్కన థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ ఉంటుంది. ఇగ్నిషన్ టైమింగ్ దాని మీద ఆధారపడుతుంది. ఐడిలింగ్ స్క్రూ అనుకొని దాని స్క్రూలు తిప్పేసిన బండ్లు ఎన్నో కనిపిస్తాయి. అవి ముట్టుకోకుండా, కనెక్టర్ పిన్నులు పచ్చబడితే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిస్తే చాలు.

ఇప్పుడు పంపుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ బండి తయారైనప్పుడు దాన్ని లెక్కలో పెట్టలేదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, పైగా అందులోనే ఆక్సిజన్ ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి తనే సర్దుకుంటుంది, కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. మిశ్రమం పల్చబడి (గాలికి తగినంత పెట్రోల్ అందక) ఇంజిన్ వేడెక్కుతుంది. నీటిని పీల్చుకునే గుణం వల్ల నెలలు నిలిపి ఉంచిన బండిలో ట్యాంకు అడుగు తుప్పు పడుతుంది. చేయాల్సింది ఇది: పెట్రోల్ పైపును ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చండి, నెలకు పైగా నిలపాల్సి వస్తే కార్బరేటర్ కింది ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ తీసేయండి, ట్యాంకును నిండుగా ఉంచండి. ఐడిల్ మిశ్రమం పావు నుంచి అర చుట్టు చిక్కగా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అయినా ప్లగ్గులు సున్నంలా తెల్లగా కనిపిస్తే మాత్రమే మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచండి. లేత గోధుమ రంగులో ఉంటే అసలు కదిలించొద్దు.

ఎయిర్ ఫిల్టర్‌కు మన జిల్లాల్లో పుస్తకంలో రాసిన గడువు పనికి రాదు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల ఊక ధూళి, కోతల కాలంలో రోడ్ల మీదే ఆరబోసే వడ్ల పొట్టు ఫిల్టర్‌ను త్వరగా నింపుతాయి. ఆ రోడ్లలో తిరిగే బండికి మూడు నెలలకోసారి విప్పి చూడాలి. గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ఫిల్టర్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ మడుగు కట్టి ఉంటే చాలామంది పిస్టన్ రింగులు పోయాయని భయపడతారు. ఎక్కువసార్లు కారణం ఆయిల్ ఎక్కువ పోయడమే, అది బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా అక్కడికి చేరుతుంది. సెంటర్ స్టాండ్ మీద ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, పది నిమిషాల తర్వాత ఇంజిన్ పక్కనున్న ఆయిల్ చూసే గాజు కిటికీలో సగం దాకా ఆయిల్ కనిపిస్తే చాలు.

ఆయిల్ 15డబ్ల్యూ-50, జాసో ఎంఏ రకం (ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కు సరిపోయేది). మన ఎండలో, పాత ఇంజిన్‌కు 4,000 కిలోమీటర్లకు మార్చడం మంచిది, ఫిల్టర్, దాని ఓ-రింగులు కూడా కలిపి. ట్యాపెట్లు హైడ్రాలిక్, సెట్ చేయాల్సిన పని లేదు. ఉదయం కొన్ని సెకన్లు టకటకమని ఆగిపోతే సహజం. వేడెక్కాక కూడా మోగుతుంటే ముందు ఆయిల్ మార్చి చూడండి.

కంప్రెషన్ గేజ్ పెట్టి "ఇంజిన్ పోయింది" అని చెప్పే వాళ్ల మాట వెంటనే ఒప్పుకోవద్దు. ఈ ఇంజిన్‌లో ఆటోమేటిక్ డీకంప్రెసర్ ఉంది, స్టార్ట్ చేసే వేగంలో అది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది. గేజ్‌లో అంకె తక్కువ రావడం మామూలే. నమ్మదగ్గది లీక్-డౌన్ పరీక్ష: రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో పిస్టన్ పైకి వచ్చాక ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపి, ఎక్కడి నుంచి బుస్సుమంటుందో వినాలి. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్‌లోంచైతే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బరేటర్‌లోంచైతే ఇన్‌టేక్ వాల్వు. పొగ కూడా చెబుతుంది. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు ఘాట్ దిగుతూ థ్రాటిల్ మూసి ఉంచి, కింద మళ్లీ తెరవగానే ఒక్కసారి నీలి పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్. ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు. మొదటిదానికి బోర్ చేయించడం అనవసరం.

ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (లోపల అడ్డు తక్కువగా ఉండేది) గురించి స్పష్టంగా చెప్పాలి: వద్దు. చప్పుడు పెరుగుతుంది, 3,000 లోపు లాగుడు తగ్గుతుంది, ఈ20తో పల్చబడిన మిశ్రమం ఇంకా పల్చబడుతుంది, పోలీసులు పట్టుకుంటే జరిమానా. ఈ ఇంజిన్ అందమంతా కింది ఆర్‌పీఎంలోనే ఉంది.

నడిపే తీరు కూడా పికప్‌లో భాగమే. 50 లోపు ఐదో గేరు వాడొద్దు, ఇంజిన్ మూలుగుతుంది, ఎండాకాలం నాక్ కొడుతుంది. ఘాట్‌లో మూడో గేరు, 3,000 పైన. శ్రీశైలం వెళ్లే వాళ్లు మన్ననూర్ దగ్గర అటవీ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి, పెట్రోల్ కూడా అచ్చంపేట వైపే నింపుకోండి. వడ్లు పోసిన రోడ్డు మీద బ్రేక్ ముట్టుకోకుండా, గేరు తగ్గించి నిటారుగా దాటాలి.

కొనేటప్పుడు హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ చారలు, చిన్న తుప్పు చుక్కలు చూడండి. చుక్కలుంటే సీల్ ఎన్నిసార్లు మార్చినా కారుతుంది. కొన్న ధరలో కనీసం నాలుగో వంతు రిపేర్లకు పక్కన పెట్టుకొని బేరం చేయండి. ఏపీ-24, ఏపీ-22 నంబర్ల బండ్లయితే ఆర్‌సీలో గడువు తేదీ తప్పక చూడండి. 2012లో రిజిస్టరైన బండికి 15 ఏళ్లు 2027లో నిండుతాయి. ఆ తర్వాత ఫారం 25తో రెన్యువల్, తనిఖీ, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, పాత చలాన్లన్నీ కట్టిన రసీదు చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.