తీరిగ్గా తీర్చుకునే పగ: 1949 నాటి ‘అబ్సెషన్’

పగ సినిమా అంటే మనకు ఫైట్లు, ఛేజింగులు, ఇంటర్వెల్ బ్యాంగ్. ఎడ్వర్డ్ డిమిట్రిక్ తీసిన ఈ బ్రిటిష్ నలుపు తెలుపు సినిమాలో అవేవీ కనపడవు. అయినా కుర్చీలోంచి కదలనివ్వదు.

లండన్ సైకియాట్రిస్టు క్లైవ్ రియోర్డాన్, తన భార్యతో తిరుగుతున్న అమెరికన్‌ని యుద్ధంలో కూలిన ఓ కట్టడంలో దాచి గొలుసుతో బంధిస్తాడు. వెంటనే చంపడు. పోలీసుల అనుమానం తన మీదికొస్తే మనిషిని ప్రాణాలతో చూపించి బయటపడొచ్చని లెక్క. గొడవ సద్దుమణిగాకే చంపాలి, శవం మిగలకూడదు. అందుకే ఒక స్నానపు తొట్టి, దాన్ని నింపడానికి యాసిడ్.

ఆ యాసిడ్ తెచ్చే తీరులోనే ఉంది పనితనమంతా. కాస్త కాస్తగా, వేడినీళ్ల రబ్బరు బ్యాగుల్లో తెస్తాడు. మన సూర్యారావుపేట మందుల షాపుల్లో దొరికే రకమే! డాక్టరు దగ్గర అలాంటిది ఉంటే ఎవరడుగుతారు? గొలుసు ఎంతవరకు సాగుతుందో నేల మీద గీత ఉంటుంది. డాక్టరు దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా మన చూపు అతని కాళ్ల మీదికే పోతుంది. డాక్టరుగా రాబర్ట్ న్యూటన్ గొంతు పెంచడు, ఖైదీకి తిండి, మార్టినీ కూడా తెచ్చిపెడతాడు. ఆ మర్యాదే వణుకు పుట్టిస్తుంది. ఇక తప్పిపోయిన కుక్క గురించి అడగడానికొచ్చే స్కాట్లాండ్ యార్డ్ సూపరింటెండెంటుగా నాంటన్ వేన్ అద్భుతం. కుక్క సంగతి ఇంతకంటే చెప్పకూడదు.

లోటల్లా భార్య పాత్రే. శాలీ గ్రే ఉన్నా రాతలో బలం లేదు. కథ, స్క్రీన్‌ప్లే అలెక్ కోపెల్‌వి. తర్వాత హిచ్‌కాక్ సినిమా ‘వెర్టిగో’ రచనలోనూ ఆయన పాలుపంచుకున్నారు. సంగీతం నీనో రోటా.

చూసేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. బెజవాడ మధ్యాహ్నపు వెలుతురులో కర్టెన్లు వేయకుండా చూస్తే ఆ చీకటి గది సీన్లలో సగం కనపడవు. టీవీలో బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని 4:3లో పెట్టండి. ఫుల్ స్క్రీన్ చేస్తే మొహాలు సాగిపోతాయి, లేదా తలలు తెగిపోతాయి. ఇంగ్లండ్ బ్లూరే డిస్కు అయితే రీజియన్ బి (ఆ ప్రాంతపు ప్లేయర్లకే తయారుచేసిన రకం) అని ఉందేమో చూసుకోండి, మనది రీజియన్ సి కాబట్టి ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. అక్కడి పాల్ (PAL అనే టీవీ పద్ధతి) డీవీడీలో సెకనుకు 24 ఫ్రేములకు బదులు 25 నడుస్తాయి కాబట్టి నిడివి నాలుగు శాతం తగ్గుతుంది. సీన్లు కోసేశారని కంగారుపడొద్దు, కాకపోతే రోటా సంగీతం శ్రుతి కాస్త పెరిగి వినిపిస్తుంది. వెతికేటప్పుడు 1949 అని సంవత్సరం కూడా కొట్టండి. 1976లో ఇదే పేరుతో వేరే సినిమా ఉంది. అమెరికాలో దీని పేరు ‘ది హిడెన్ రూమ్’, ఆ పేరుతోనూ ప్రయత్నించండి.