వాడిన వాటర్‌మేకర్ కొంటున్నారా? కుళాయి నీళ్ల డెమో చూసి డబ్బులు కట్టకండి

సెయిల్ బోట్ మీద దీవులు తిరగడానికి సామాన్లు సమకూర్చుకుంటున్నవాళ్లకు, ముఖ్యంగా వాడిన వాటర్‌మేకర్ (సముద్రపు నీళ్లను మెంబ్రేన్ అనే సన్నటి పొరలోంచి నెట్టి, ఉప్పు తీసేసి, తాగే నీళ్లుగా మార్చే యంత్రం) కోసం వెతుకుతున్నవాళ్లకు ఇది రాస్తున్నాను. "మొత్తం ఓవర్‌హాల్ చేశాం, మెంబ్రేన్ కొత్తది, మీ కళ్ల ముందే నడిపి చూపిస్తాం" అంటూ మాకు అంటగట్టిన యంత్రం సముద్రంలోకి వెళ్లాక ఒక్కరోజు కూడా తాగడానికి పనికొచ్చే నీళ్లు ఇవ్వలేదు. అమ్మినవాళ్ల పేరు రాయను. వాళ్లు వాడిన పద్ధతి మాత్రం పూర్తిగా చెబుతాను. అదే పద్ధతి మీకు ఇంకెవరి దగ్గరైనా ఎదురుకావచ్చు.

డెమో ఇలా జరిగింది. యంత్రాన్ని బల్ల మీద పెట్టి, కుళాయికి పైపు తగిలించి, పంపు ఆన్ చేశారు. పక్కనున్న సన్నపైపులోంచి నీళ్లు ధారగా వచ్చాయి. గ్లాసులో పట్టి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15 భాగాలు) చూపించింది. ఆ గ్లాసు అమ్మే మనిషే గటగటా తాగేశాడు. చూసేవాళ్లకు అనుమానం రావడానికి ఏమీ లేదు. కానీ ఆ డెమో దేన్నీ నిరూపించదు.

ఎందుకో లెక్క చూడండి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అంటే 35,000 పీపీఎం. మంచి మెంబ్రేన్ అందులో 99 శాతానికి పైగా ఆపేస్తుంది కాబట్టి బయటికొచ్చే నీళ్లు 350 లోపే ఉంటాయి. ఇప్పుడు 5 శాతం ఉప్పును వదిలేస్తున్న పాడైన మెంబ్రేన్ సంగతి చూద్దాం. కుళాయి నీళ్లలో మొత్తం ఉన్నదే 300 పీపీఎం అయితే అందులో 5 శాతం 15. మీటర్ మీద అద్భుతంగా కనిపిస్తుంది. అదే మెంబ్రేన్‌లోకి సముద్రపు నీళ్లు పంపితే వచ్చేది 1,750. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం 600 లోపు నీళ్ల రుచి బాగుంటుంది, 1,000 దాటేకొద్దీ తాగడం కష్టం. మాకు లంగరు వేసిన చోట నడిపినప్పుడు గంట తర్వాత కూడా మీటర్ 1,700 కిందికి దిగలేదు.

ప్రెజర్ విషయంలోనూ ఇదే మాయ. సముద్రపు నీళ్లకు సహజంగా ఉండే ఆస్మాటిక్ ఒత్తిడే (మంచినీళ్లను పొర దాటి ఉప్పునీళ్ల వైపు లాగే ఒత్తిడి) దాదాపు 27 బార్. దాన్ని ఎదిరించి మంచినీళ్లు రాబట్టాలంటే పంపు సుమారు 800 పీఎస్ఐ, అంటే 55 బార్ దగ్గర నడవాలి. కుళాయి నీళ్లకు అంత అక్కర్లేదు, చాలా తక్కువ ప్రెజర్‌తోనే ధార వచ్చేస్తుంది. అరిగిపోయిన సీళ్లు, కారే పంపు హెడ్, బలం లేని మోటారు ఏవీ అప్పుడు బయటపడవు. మా పంపు 800 దగ్గర పది నిమిషాలు నడవగానే సీళ్ల దగ్గర చుక్కలు చుక్కలుగా కారడం మొదలుపెట్టింది. బల్ల మీద అది పొడిగా మెరిసిపోయింది.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం వేరే ఉంది. ఈ మెంబ్రేన్లు పాలిఅమైడ్‌తో చేస్తారు. క్లోరిన్ తగిలితే ఆ పొర దెబ్బతింటుంది, మళ్లీ బాగుపడదు. కుళాయి నీళ్లలో కలిపేది క్లోరినే. అందుకే వాటర్‌మేకర్‌ను మంచినీళ్లతో కడిగేటప్పుడు కూడా మధ్యలో కార్బన్ ఫిల్టర్ పెడతారు. ఆ డెమోలో కార్బన్ ఫిల్టర్ లేదు. అంటే వచ్చిన ప్రతి కొనుగోలుదారు ముందూ క్లోరిన్ నీళ్లతో నడిపి, ఒకవేళ మెంబ్రేన్ బాగుండి ఉన్నా దాన్ని వాళ్లే పాడుచేస్తున్నారు. రోజూ వీటిని అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

నీళ్ల యంత్రం పాడైతే ఏమైంది, ఒడ్డు మీద తెచ్చుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. మేం తిరిగింది దక్షిణ పసిఫిక్‌లోని తుఆమోతు దీవుల్లో. అవి పగడపు దీవులు, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంటాయి. వాగులు, నదులు ఉండవు. అక్కడి జనం వాన నీళ్లను తొట్లలో నింపుకుని ఏడాది పొడవునా జాగ్రత్తగా వాడుకుంటారు. ఇలాంటి దీవుల్లో నీళ్లు ఎంత విలువైనవో తెలియాలంటే పసిఫిక్‌లోని చిన్న దీవుల దేశం తువాలును చూడండి. 2011లో వానలు పడక అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, సముద్రపు నీళ్ల ఉప్పు తీసే డీశాలినేషన్ యంత్రాలు బయటి దేశాల నుంచి రావాల్సి వచ్చింది. పది ఇళ్లున్న ఊరికి వెళ్లి, మా యంత్రం పాడైంది, రెండు క్యాన్లు నింపుకుంటామని అడగడానికి మనసొప్పదు. వాళ్లు కాదనరు, అందుకే ఇంకా ఇబ్బంది.

వాన నీళ్ల మీద కూడా పూర్తిగా ఆధారపడలేం. దక్షిణ పసిఫిక్‌లో తుపాన్ల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కాబట్టి బోట్లు దీవులు తిరిగేది ఎక్కువగా మే నుంచి అక్టోబర్ మధ్యలో. అది వానలు తక్కువ పడే కాలం. కరీబియన్‌లో నెలలు తారుమారైనా కథ ఇంచుమించు అదే, హరికేన్లు తప్పించుకుని తిరిగేది పొడికాలంలోనే. డెక్ మీద నీడకు కట్టే గుడ్డ, ఆనింగ్ కింద గొట్టం కట్టి ఎదురుచూస్తే ఒక్కోసారి ఐదు నిమిషాల జల్లు పడి, తెరచాపల మీది ఉప్పు కడిగి వెళ్లిపోతుంది. ఆ మొదటి నీళ్లు ట్యాంకులోకి పంపలేం.

బోటు మీద జాగ్రత్తగా వాడితే మనిషికి రోజుకు 10 నుంచి 15 లీటర్లతో సరిపెట్టుకోవచ్చు. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో స్ప్రే బాటిల్‌తో మంచినీళ్లు చల్లి తుడుస్తాం. స్నానం సముద్రంలో చేసి, ఒంటి మీది ఉప్పు పోవడానికి లీటరో రెండు లీటర్లో పోసుకుంటాం. ఆ చివరి లీటరు లేనప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఒళ్లు ఎప్పుడూ జిగటగానే ఉంటుంది. దుప్పట్లు రాత్రికి చెమ్మగిల్లుతాయి, ఉప్పునీళ్లలో ఉతికిన బట్టలు ఎంత ఎండలో వేసినా ఆరినట్టు అనిపించవు. నడుము పట్టీ ఒరిసే చోట పుండ్లు పడతాయి.

నీళ్లు దొరికే ఊరు చేరాక పని ఇంకోరకం. 20 లీటర్ల క్యాను 20 కిలోల బరువు. కుళాయి దగ్గర నింపి, ఇసుకలో మోసుకొచ్చి, ఒడ్డుకూ బోటుకూ మధ్య తిరిగే చిన్న పడవ డింగీలో పెట్టి, అలల మీద ఊగుతున్న డింగీలో నిలబడి డెక్ మీదికి అందించాలి. ట్యాంకు మూత తీసేటప్పుడు చుట్టూ గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, లేకపోతే డెక్ మీదున్న ఉప్పంతా లోపలికి పోతుంది. ఇదంతా అయ్యేసరికి సగం రోజు పోతుంది. దూరంగా ఉన్న దీవులకు వెళ్లాలన్న మా ప్లాన్ మొత్తం నీళ్లు దొరికే ఊళ్ల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ సీజన్ పోయిందన్న బాధే ఎక్కువ.

చివరికి మెంబ్రేన్ ఉండే గొట్టం, అంటే ప్రెజర్ వెసెల్ విప్పి చూశాం. ఎండ్ క్యాప్ లాగగానే కుళ్లిన గుడ్డు వాసన. మెంబ్రేన్ ముందు భాగమంతా గోధుమరంగు జిగురు, వేలితో గీస్తే గోరు కింద పేరుకుంది. మెంబ్రేన్ మీద మోడల్, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉండాలి. అది గీకేసి ఉంది, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. బయటి ఓ రింగులకు మాత్రం కొత్త గ్రీజు పూశారు. కొత్త మెంబ్రేన్ వేశామన్న మాటకు ఆధారం ఆ గ్రీజు ఒక్కటే.

ఆ వాసన ఎలా వస్తుందో కొత్తవాళ్లకు చెప్పాలి. సముద్రపు నీళ్లలో కంటికి కనిపించని జీవులుంటాయి. నడిపి ఆపేశాక మంచినీళ్లతో కడగకుండా వేడిలో వదిలేస్తే అవి లోపలే చచ్చి కుళ్లుతాయి. ఎక్కువ రోజులు వాడనప్పుడు సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి ఉంచాలి, దీన్నే పిక్లింగ్ అంటారు. తడిసిన మెంబ్రేన్ ఎండిపోయినా పాడైనట్టే. మాకు అమ్మింది ఎక్కడో మూల చాలాకాలం పడి ఉన్న యంత్రం అని లోపలి స్థితే చెబుతోంది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబులు కూడా రాస్తున్నాను, మీకూ ఇవే వస్తాయి. మొదట "అక్కడి నీళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకే ఉప్పు దాటుతోంది" అన్నారు. వేడి నీళ్లలో నీళ్ల రాబడి పెరుగుతుంది, ఉప్పు కూడా కాస్త ఎక్కువ దాటుతుంది, నిజమే. అంతే తప్ప 350 కాస్తా 1,700 అయిపోదు. తర్వాత "ప్రెజర్ ఇంకా పెంచండి" అన్నారు. ఇది ప్రమాదకరమైన సలహా. మామూలుగా వాడే సముద్రపు మెంబ్రేన్లకు గరిష్ఠ పరిమితి 1,000 పీఎస్ఐ, దాన్ని దాటితే మనుషులకే దెబ్బలు తగలొచ్చు. ఆఖరికి "మెంబ్రేన్ కన్జ్యూమబుల్ (వాడేకొద్దీ అరిగి మార్చుకోవాల్సిన వస్తువు), వారంటీలో రాదు" అని చెప్పి జవాబివ్వడం మానేశారు. కొత్తదని డబ్బు తీసుకుని, పాడైనది పెట్టి, కన్జ్యూమబుల్ అనడం మోసమే.

కొనేముందు సముద్రపు నీళ్లతో నడిపించమని పట్టుబట్టండి. కుదరదంటే ఉప్పునీళ్లు తయారుచేయించండి. 100 లీటర్ల తొట్టిలో మూడున్నర కిలోల ఉప్పు కరిగిస్తే సముద్రపు నీళ్లకు దగ్గరగా వస్తుంది. నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు, వాన నీళ్లయినా కార్బన్ ఫిల్టర్ చేసిన నీళ్లయినా పరవాలేదు. బయటికొచ్చే మంచినీళ్లు, ఉప్పునీళ్లు రెండూ అదే తొట్టిలోకి పడేలా పెడితే ఎంతసేపైనా నడపొచ్చు, తొట్టి వేడెక్కకుండా మాత్రం చూసుకోండి. 800 పీఎస్ఐ దగ్గర కనీసం అరగంట నడవాలి. మొదటి కొన్ని నిమిషాల రీడింగ్ వదిలేయండి. మీటర్ మీది తీసుకెళ్లండి, వాళ్లది వాడకండి. రాబడిని కొలజగ్గుతో, ఫోన్ టైమర్‌తో కొలవండి. నడుస్తున్నంతసేపూ పంపు కింద ఒక టిష్యూ కాగితం పరిచి ఉంచితే చిన్న లీకు కూడా కనిపిస్తుంది.

మెంబ్రేన్ స్టిక్కర్ తప్పనిసరిగా చూడాలి. రెండున్నర అంగుళాల లావు, 40 అంగుళాల పొడవున్న సైజులో సముద్రపు నీళ్లకు వాడేవీ, తక్కువ ఉప్పున్న బోరు నీళ్లకు వాడేవీ రెండూ దొరుకుతాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే వెసెల్‌లో పడతాయి. రెండో రకం చౌక. సముద్రపు రకం మోడల్ నంబర్లలో సాధారణంగా ఎస్‌డబ్ల్యూ, రెండో రకంలో బీడబ్ల్యూ అని ఉంటుంది. స్టిక్కర్ లేకపోతే అది ఏ రకమో, ఏ వయసుదో చెప్పలేం, కాబట్టి మెంబ్రేన్‌కు ఒక్క పైసా కూడా విలువ కట్టకండి. ఇలాంటి ప్రామాణిక సైజు కాకుండా ఒక్క కంపెనీకే సరిపోయే మెంబ్రేన్ ఉన్న యంత్రమైతే, అది ఇంకా తయారవుతోందో లేదో ముందే కనుక్కోండి.

బిల్లు మీద "సముద్రపు నీళ్లతో నడిపినప్పుడు 500 పీపీఎం లోపు" అని రాయించుకోండి. ఆ మాట రాయడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనొద్దు. మేం పెట్టిన ఫిర్యాదులో వాళ్లు పట్టుకుని వేలాడుతున్నది ఇదే: బిల్లులో "పనిచేస్తోంది" అని మాత్రమే ఉంది, ఏ నీళ్లతో అన్నది లేదు.

పాత బోటుతో పాటు వాటర్‌మేకర్ వస్తున్నవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. అమ్మకం ప్రకటనలో ఆ ఒక్క మాట కనపడగానే ధర పెరుగుతుంది. చివరిసారి ఎప్పుడు నడిపారు, ఎప్పుడు పిక్లింగ్ చేశారు, లాగ్‌బుక్‌లో రీడింగులు ఉన్నాయా అని అడగండి. లేవంటే దాన్ని లేనట్టే లెక్కేసి బేరం చేయండి. ట్రయల్‌కు వెళ్లినప్పుడు హార్బర్ బయట శుభ్రమైన నీళ్లలో నడిపించండి. హార్బర్ లోపల నీటిపైన తేలే డీజిల్ మెంబ్రేన్‌లోకి పోతే అదీ పాడవుతుంది.

ఇప్పటికి మేం కొత్త మెంబ్రేన్ తెప్పించి వేసుకున్నాం, పంపు సీళ్లు మార్చాం. ఇప్పుడు అదే వెసెల్‌లోంచి 280 పీపీఎం నీళ్లు వస్తున్నాయి, అంటే తప్పు మా బిగింపులో గానీ వెచ్చటి సముద్రంలో గానీ లేదు. కార్డు కంపెనీ దగ్గర ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పాత మెంబ్రేన్‌ను ప్లాస్టిక్‌లో చుట్టి సాక్ష్యంగా దాచాం. ఇప్పటికే వాడిన యంత్రం బిగించుకుని బయల్దేరబోతున్నవాళ్లు, నీళ్లు దొరికే చివరి రేవు దాటకముందే దాన్ని సముద్రపు నీళ్లతో గంటసేపు నడిపి, మీ మీటర్‌తో కొలిచి చూసుకోండి. సీలు విప్పని స్పేర్ మెంబ్రేన్ ఒకటి, మెంబ్రేన్‌కు ముందే మురికిని ఆపే 20, 5 మైక్రాన్ ప్రీ ఫిల్టర్లు కొన్ని కూడా ఆ రేవులోనే కొని పెట్టుకోండి. దీవుల్లోకి వెళ్లాక తెప్పించుకోవాలంటే సరుకుల నౌక ఎప్పుడొస్తుందా అని కూర్చోవాలి.