నాగావళి ఒడ్డు కాలనీ: చాలా ఏళ్లు ఉన్నాక చెబుతున్న మాట

ఒడిశాలోని మా రాయగడలో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు నన్ను ముందుగా అడిగేది నాగావళి నది పక్కన ఉండవచ్చా అని. నిక్షేపంగా ఉండవచ్చు. కాకపోతే ఒడ్డునే ఉన్న పార్కు గోడను ఆనుకున్న వరుసలో వద్దు, దాని వెనుక మెరక మీద ఉన్న వరుసలో చూసుకోండి. చూడడానికి రెండు వరుసల్లోనూ అవే పాత పెంకుటిళ్లు, అవే పెరళ్లు. తేడా జూలైలో బయటపడుతుంది.

నాగావళి కలహండి కొండల్లో పుట్టి, మా ఊరు దాటి శ్రీకాకుళం వైపు పోతుంది. ఎండాకాలంలో బండల మధ్య సన్నటి పాయలే మిగులుతాయి. ఎగువన వాన దంచితే మాత్రం, ఇక్కడ చినుకు లేకపోయినా నీళ్లు బురదరంగులో లేస్తాయి. 2017 జూలై వరదల్లో కల్యాణసింగ్‌పూర్ ప్రాంతం మునిగింది; తేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. అంతటి వరద ఏటా రాదు, చెమ్మ మాత్రం ఏటా వస్తుంది. దిగువ వరుసలో గోడలు నడుము ఎత్తు దాకా నీరు పీలుస్తాయి. సున్నం ఎన్నిసార్లు వేయించినా పొరలు పొరలుగా రాలుతుంది, బీరువాలో పట్టుచీరలకు బూజు పడుతుంది. పొదల్లోంచి పాములూ వస్తాయి; చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లాలంటే టార్చిలైటు తప్పదు.

ఇన్ని చెప్పినా ఇక్కడినుంచి కదలబుద్ధి కాదు. కారణం చెట్లు. మే నెల మధ్యాహ్నం బజారులో మాడి వచ్చి మా వీధి మలుపు తిరిగితే ఒళ్లు తేరుకుంటుంది. నేరేడు, కానుగ, చింత, అన్నీ మాకంటే పెద్దవే. కొత్త లేఅవుట్లలో ఎంత డబ్బు పోసినా ఈ నీడ దొరకదు. కాకపోతే ఈ చెట్ల ఆకులే మురుగుకాలువను పూడ్చేస్తాయి, వేళ్లు ప్రహరీని బీటలు వారుస్తాయి, గాలివానకు కొమ్మ విరిగితే కరెంటు పోతుంది. కాలువ మేమే చందాలు వేసుకొని తీయించుకుంటాం.

పార్కులో తెల్లవారుజాము నడక బాగుంటుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఆదివారాల గురించి అడగకండి: వనభోజనాలు, మైకులు, ఎంగిలి విస్తళ్లు. మజ్జి గౌరమ్మ దర్శనానికి విజయనగరం వైపు నుంచి జనం దిగిన రోజున ఆటో దొరకడమూ గగనమే.

ఇరుగుపొరుగుకు మాత్రం నూటికి నూరు మార్కులు. మార్గశిర లక్ష్మివారాలు మనకు ఉన్నట్టే ఒడియా ఇళ్లలో మాణబసా గురువారాలు. ఆ నెలంతా మా వాకిట్లో ముగ్గు, పక్కింటి గడపలో బియ్యప్పిండి ఝోటి. వాళ్ల పిండివంటలు, అంటే పిఠాలు, మా ఇంటికి, మా పులిహోర వాళ్ల ఇంటికి వెళుతూనే ఉంటాయి. పిల్లలకు రెండు భాషలూ వీధిలోనే వచ్చేశాయి. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి నేర్పవలసిందే.

అద్దెకైతే ఇంతే. కొనేవాళ్లకు ఇంకో మాట. రాయగడ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసుల రక్షణకు ప్రత్యేక చట్టాలు ఉన్న చోటు. ఆదివాసుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ అడ్డుగా ఉంది, ఉండాలి కూడా. కాబట్టి ఆ స్థలం మొదట ఎవరిదో పాత రికార్డుల్లో చూడకుండా బయానా ఇవ్వకండి. కాగితాలు ఒడియాలో ఉంటాయి. చదవగలిగిన మనిషిని వెంటబెట్టుకొని వెళ్లండి, అమ్మేది సొంత మేనమామే అయినా సరే.