ఏటీమెగా 328పి: క్రిస్టల్ లేకుండా ఎంతవరకు నెట్టుకురావచ్చు?

28 కాళ్ల ఏటీమెగా 328పి మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ ఎక్కించుకుని నడిచే చిన్న కంప్యూటర్ చిప్) కొనేటప్పుడు షాపులోనే అడగాల్సిన మాట ఒకటుంది: ఖాళీ చిప్పా, ఆర్డ్యూనో ఊనో బోర్డు బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌లు ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) వేసిందా? చూడ్డానికి రెండూ ఒకటే. ఖాళీది లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటర్‌తోనే (చిప్‌ని నడిపే క్లాక్) లేస్తుంది. బూట్‌లోడర్ వేసింది బయట 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (కచ్చితమైన క్లాక్ ఇచ్చే విడిభాగం) లేకపోతే ఉలకదు, పలకదు. ప్రోగ్రామర్‌కి (చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించే పరికరానికి) కూడా దొరకదు. షాపువాడు చచ్చిన చిప్ అంటగట్టాడని బెజవాడ దాకా తిరిగి వెళ్లక్కర్లేదు. 9, 10 కాళ్లకు క్రిస్టల్, ఒక్కో కాలి నుంచి గ్రౌండ్‌కి ఒక 22 పీఎఫ్ కెపాసిటర్ పెడితే లేచి కూర్చుంటుంది. అప్పుడు ఫ్యూజులు (ఏ క్లాక్ వాడాలో లాంటివి చెప్పే చిప్ లోపలి సెట్టింగులు) మార్చుకోవచ్చు.

ఖాళీ చిప్‌లోనూ ఒక మెలిక ఉంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు లో ఫ్యూజ్ హెక్స్ 62. అంటే 8తో భాగించి 1 మెగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. 8 మెగాహెర్ట్జ్‌కి రాసిన ప్రోగ్రామ్‌లో సెకనుకోసారి వెలగాల్సిన ఎల్‌ఈడీ 8 సెకన్లకు వెలిగితే కారణం ఇదే. ఫ్యూజ్‌ని ఈ2 చేస్తే సరి. అది మారేదాకా ప్రోగ్రామర్ క్లాక్ 250 కిలోహెర్ట్జ్ కంటే తక్కువ ఉండాలి. ప్రోగ్రామర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవిఆర్‌డ్యూడ్‌లో బి ఆప్షన్‌కి 10 ఇస్తే చాలు.

ఇక అసలు సంగతి, కచ్చితత్వం. డేటాషీట్ ప్రకారం ఫ్యాక్టరీ కాలిబ్రేషన్ (లోపలి క్లాక్ వేగం సరిచేయడం) 3 వోల్టులు, 25 డిగ్రీల దగ్గర 10 శాతం అటూ ఇటూ. రిలే, బజర్, తేమ సెన్సార్ లాంటివాటికి ఇది ధారాళంగా సరిపోతుంది. సీరియల్‌కి (రెండు పరికరాల మధ్య ఒక్కో బిట్‌గా డేటా పంపడానికి) మాత్రం చాలదు. అక్కడ రిసీవర్‌కి 2 శాతం దాటకూడదు. గుంటూరు పొలాల్లో మోటార్ స్టార్టర్ డబ్బాలో జీఎస్‌ఎం మాడ్యూల్‌తో (సిమ్ పెట్టి మెసేజ్‌లు పంపేది) కలిపితే, రోహిణి కార్తె మధ్యాహ్నం ఆ రేకు డబ్బా వేడికి క్లాక్ ఇంకాస్త జరుగుతుంది. పొద్దున వచ్చిన మెసేజ్ మధ్యాహ్నానికి పిచ్చి అక్షరాలవుతుంది.

అందుకే చిప్ నడవబోయే వోల్టేజీ దగ్గరే కాలిబ్రేట్ చేయాలి. చిప్‌లోని టైమర్1కి ఈ సెట్టింగులు ఇవ్వండి: సీటీసీ మోడ్, ప్రీస్కేలర్ 1, ఓసీఆర్1ఏ విలువ 3999, టాగుల్ అవుట్‌పుట్. 15వ కాలి మీద మల్టీమీటర్ 1000 హెర్ట్జ్ చూపించాలి. 1020 వస్తే 2 శాతం జోరు, ఓస్‌కాల్ రిజిస్టర్‌ని (ఆసిలేటర్ వేగాన్ని సర్దే విలువ) ఒక్కో అంకె తగ్గించాలి. ఒక్కసారే పెద్ద గంతు వేయొద్దు. దొరికిన విలువ ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే మెమరీ) రాసి, ప్రోగ్రామ్ మొదట్లోనే తిరిగి ఎక్కించాలి, ఎందుకంటే ప్రతి రీసెట్‌కీ ఫ్యాక్టరీ విలువే వచ్చి కూర్చుంటుంది. ఈసేవ్ ఫ్యూజ్ పెట్టకపోతే తర్వాతి చిప్ ఎరేజ్‌తో ఈఈప్రామ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

సీరియల్ వేగం 9600 బాడ్‌కి (సెకనుకి 9600 బిట్లు) 8 మెగాహెర్ట్జ్ చక్కగా కుదురుతుంది, లెక్కలో తేడా 0.2 శాతమే. 115200 జోలికి వెళ్లొద్దు. క్లాక్ పర్‌ఫెక్టుగా ఉన్నా లెక్కే కనీసం 3.5 శాతం తప్పుతుంది.

గడియారం కావాలంటే ఆర్‌సీని నమ్మొద్దు. 1 శాతం తేడా అంటే రోజుకి 14 నిమిషాలు. అయితే క్రిస్టల్ లేనందువల్ల 9, 10 కాళ్లు ఖాళీ. అక్కడే 32.768 కిలోహెర్ట్జ్ వాచ్ క్రిస్టల్ పెట్టి టైమర్2ని దాని మీద నడపొచ్చు. లోపలి ఆసిలేటర్ చిప్‌ని నడుపుతుంది, టైమ్ వాచ్ క్రిస్టల్ చూసుకుంటుంది.